నాలుగడుగుల గీత

ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని వినోదాల పార్కుకు తీసుకెళ్లడమంత దండగమారి పని మరొకటి లేదని నా అభిప్రాయం. ఉన్న ఒక్క ఆదివారం దుకాణం మూసుకుని, నెత్తి మాడే ఎండలో ముందువాడి వీపు చూస్తూ నిలబడడానికి సరదా అని ఎవరు పేరు పెట్టారో, ఆ మనిషిని ఒక్కసారి చూడాలని ఉంది. అయినా రెండేళ్లలో రెండుసార్లు వెళ్లాను. రెండోసారి వెళ్లింది నా కూతురు ఎత్తు పెరిగినందుకు.

సిద్దిపేటలో మాకు జిరాక్స్, స్టేషనరీ దుకాణం ఉంది. ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మ, ఎనిమిదేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు. కిందటేడాది హైదరాబాద్ పొలిమేరలోని ఆ పార్కుకు మొదటిసారి వెళ్లినప్పుడు, తలకిందులుగా తిరిగే పెద్ద రైలు దగ్గర నా కూతుర్ని ఆపేశారు. అక్కడొక ఇనుప స్తంభం, దాని మీద నాలుగడుగుల దగ్గర ఎర్రగీత. తల ఆ గీతను తాకాలి. మా పిల్లకు మూడు వేళ్లంత తక్కువైంది. మాతో వచ్చిన మా చెల్లెలి కూతురు మాత్రం ఎక్కింది, అరిచింది, దిగింది, ఆ తర్వాత ఏడాది పొడుగునా ఆ కథే చెప్పింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎత్తు తప్ప వేరే ముచ్చట లేదు. పాలంటే ముఖం తిప్పుకునే పిల్ల గ్లాసు ఎత్తి గటగటా తాగేది. కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేది. పడుకున్న పిల్లల్ని దాటితే పెరగరని మా అమ్మ ఎప్పుడో అన్నదట. తమ్ముడు కాళ్ల మీదుగా దాటాడని తెలిస్తే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచి వాడి చెయ్యి పట్టుకుని, "మల్ల ఎనుకకు దాటురా, లేకుంటె నేను పెరుగ" అని వెనక్కి దాటించేది.

ప్రతి నెలా మొదటి ఆదివారం వంటగది దర్వాజకు ఆనుకుని నిలబడేది. నేను అరచెయ్యి దాని తల మీద బల్లపరుపుగా ఆనించి, దుకాణం నుంచి తెచ్చిన పెన్సిలుతో గీత గీసేవాణ్ని. మడమలు ఎత్తిందేమోనని నేను చూసుకోవాల్సిన పని లేదు. అదే కిందికి చూసుకుని, "మడిమెలు నేలకే ఉన్నయి డాడీ, సూడు" అనేది. అంత నికార్సైన పిల్ల. మొన్న ఏప్రిల్‌లో గీత నాలుగడుగులు దాటి ఒక వేలు మందం పైకి పడింది. ఇంట్లో అందరికీ ఆ గీత చూపించింది. కరెంటు బిల్లు తీసే ఆయనకు కూడా చూపించింది. ఇక పార్కుకు తీసుకుపోక తప్పలేదు.

"కోమటి చెరువు కాడ బోటున్నది, ఉయ్యాలలున్నయి. గంత దూరం ఎందుకు?" అంది నా భార్య.

"ఆడ తలకిందుల రైలు లేదమ్మా" అంది కూతురు. దానితో చర్చ ముగిసింది.

మే మొదటి ఆదివారం పొద్దున ఆరింటికల్లా బయల్దేరాలనుకున్నాం. నా కూతురు ఐదింటికే తయారై వాకిట్లో నిలబడింది. జుట్టు నెత్తి మీద కట్టుకుంటే దొంగ ఎత్తు అంటారని రెండు జడలు కిందికి అల్లించుకుంది. మా అమ్మ మాత్రం సర్వపిండి కాలుస్తూ కూర్చుంది.

"పార్కులకు తిండి తేనియ్యరమ్మా" అన్నాను.

"మరి పోరగాండ్లకు ఆకలైతే ఏం పెడుతవు? ఆడ అమ్మేటియి మన నోటికి పడతయా?"

ఆ వాదనకు అరగంట. కొడుకు ఎడమకాలి చెప్పు వెతకడానికి ఇంకో అరగంట. కారు పొన్నాల దాటాక నా భార్యకు గ్యాస్ ఆపానా లేదా అని అనుమానం వచ్చింది. వెనక్కి తిప్పాను. గ్యాస్ ఆపే ఉంది. ప్రజ్ఞాపూర్ దగ్గరికి వచ్చేసరికి కొడుకు వెనక సీట్లోంచి లేచి, నాతో ఏదో రహస్యం చెప్పబోతున్నట్టు ముందుకు వంగి, నా భుజం మీద వాంతి చేసుకున్నాడు. తడి చొక్కాతో శామీర్‌పేట దాటేసరికి పది దాటింది. అప్పటికే నేను ఎవరు పలకరించినా కరిచేలా ఉన్నాను.

పార్కు గేటు ముందు జనాన్ని చూస్తే జాతర గుర్తొచ్చింది. టికెట్ కిటికీ పక్కన అచ్చం లోపలిదాని లాంటిదే ఇంకో స్తంభం, నాలుగడుగుల దగ్గర ఎర్రగీత. తల గీత కింద ఉంటే పిల్లల టికెట్, చేతికి పసుపు పట్టీ. గీత దాటితే పెద్దల టికెట్, ఎర్ర పట్టీ. ఇంతవరకూ బోర్డు చదివాను. దాని కింద చిన్న అక్షరాల్లో ఏ పట్టీవాళ్లు ఏమేమి ఎక్కొచ్చో రాసి ఉంది. అది చదవలేదు.

ఇక్కడ నా పెంపకం గురించి ఒక మాట చెప్పాలి. మాది నారాయణరావుపేట పక్కన పల్లె. నా చిన్నప్పుడు సిద్దిపేట బస్సెక్కితే, కండక్టర్ మా సీటు దాకా రాకముందే మా అమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుని కొంగు కప్పేది. "పిలగానికి ఎన్నేండ్లు?" అని ఆయన, "ఐదు నిండలే సారూ" అని ఈమె. అలా మూడేళ్లపాటు నాకు ఐదు నిండలేదు. ఒకసారి కండక్టర్ తెలివిగా నన్నే "ఏ క్లాసురా?" అని అడిగితే, "రెండు" అని గొప్పగా చెప్పాను. బస్సు దిగాక వీపు మీద పడ్డ దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. అది అబద్ధమని మాలో ఎవరమూ అనుకోలేదు. టికెట్ కొట్టే మనిషి ఎదురైతే పిల్లలు చిన్నవాళ్లైపోవాలి, అంతే.

మా వంతు వచ్చింది. కూతురు స్తంభానికి వీపు ఆనించి, ఏడాదిగా ఈ పని కోసమే బతికినట్టు నిటారుగా నిలబడింది.

"జర మోకాళ్లు ఒంచు బిడ్డా" అంది మా అమ్మ వెనక నుంచి.

"ఎందుకు నాయనమ్మా? నేను పెరిగిన గద."

వెనక జనం తోస్తున్నారు. కొడుకు నా ప్యాంటు పట్టుకుని గుంజుతున్నాడు. కిటికీలోని మనిషి ఇంకా మావైపు తిరగలేదు. నేను దాని తల మీద అరచెయ్యి పెట్టి మెల్లగా కిందికి నొక్కాను. అది తలెత్తి నా ముఖంలోకి చూసింది. తర్వాత వంగింది. కిటికీలోంచి చెయ్యి బయటికి వచ్చి దాని మణికట్టుకు పసుపు పట్టీ చుట్టింది.

లోపల మూడు గంటలు మావాడి వెంట తిరిగాం. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. వాడికి బొమ్మగుర్రం వద్దు, తిరిగే కప్పులు వద్దు, చిన్న రైలు అసలే వద్దు. మూత్రశాల దగ్గర తడిచేతులకు వేడిగాలి ఊదే మిషన్ ఒకటి గోడకు ఉంది. దాని కింద చేతులు పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం. లాగితే ఏడుపు.

"ఇంతదూరం వచ్చింది చేతులు ఆరవెట్టుకునేతందుకా?" అన్నాను నా భార్యతో.

"నన్నేమంటవు? నీ కొడుకే గద" అంది.

సర్వపిండి డబ్బా గేటు దగ్గరే పెట్టించుకున్నారని మా అమ్మ అలిగి చెట్టు కింద కూర్చుంది. కూతురు మాత్రం ఏమీ పేచీ పెట్టలేదు. తమ్ముడి పని అయ్యాక నీ రైలు దగ్గరికి పోదామని నేనే చెప్పాను కదా. పైన అరుపులు వినబడ్డప్పుడల్లా తలెత్తి రైలును చూసేది, మళ్లీ మా వెంట నడిచేది.

మూడింటికి దాన్ని తీసుకుని రైలు వరుసలో నిలబడ్డాను. గంట పట్టింది. ఆ గంటలో అది నాతో ఎక్కడ కూర్చోవాలి, కళ్లు మూసుకోవాలా వద్దా, మేనత్త కూతురికి ఏమని చెప్పాలి, అన్నీ మాట్లాడింది. నాకు నిజంగానే కోపమంతా తగ్గింది.

మా వంతు వచ్చేసరికి, టోపీ పెట్టుకున్న ఒక నడివయసు మనిషి దాని తల వైపు కాదు, చేతి వైపు చూశాడు.

"పసుపు పట్టీకి లేదు సార్."

"పట్టీ ఎందుకు, ఎత్తు సూడుండ్రి" అన్నాను.

కూతురు అప్పటికే స్తంభానికి ఆనుకుంది, మడమలు నేలకు పెట్టి. తల గీతకు పైనే ఉంది.

"ఎత్తు సరిపోతది సార్. కని గేటు కాడ నాలుగడుగులు లేదని పట్టీ ఏసిన్రు. నేను ఎట్ల ఎక్కియ్యాలె?"

నాకు మండింది. "మీ గేటోళ్లకు కొలుసుడే రాదు. పిల్ల ఎదురుంగ కనవడుతలేదా? గంటసేపు ఎండల నిలవెట్టి గిదా చెప్పేది?" అని గొంతు పెంచాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు గేటును తిట్టాను, స్తంభాన్ని తిట్టాను, పట్టీ రంగును తిట్టాను. ఫోన్లలో మునిగి ఉన్నవాళ్లు కూడా తలలెత్తి చూశారు.

అప్పుడు నా కూతురు ఆ మనిషితో మెల్లగా అంది: "వాళ్లు మంచిగనే కొలిసిన్రు అంకుల్. నేనే వంగిన."

నేనే వంగిన అంది. డాడీ వంచిండు అనలేదు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, రైలు ఎక్కించనందుకన్నా ఆ నవ్వుకు నా ముఖం ఎక్కువ మాడింది. టోపీ మనిషి మాత్రం నవ్వలేదు.

"గేటు కాడికి పోయి పట్టీ మార్పించుకొని రాండ్రి సార్. మల్ల లైన్ల నిలవడద్దు. పాపను సీదా నా కాడికే తోల్కరాండ్రి."

గేటు పార్కుకు ఆ చివర. పిల్ల చెయ్యి పట్టుకుని పరుగులాంటి నడక నడిచాను. కిటికీలో మనిషి టీకి పోయాడన్నారు. ఆయన వచ్చాడు. మళ్లీ స్తంభం, మళ్లీ కొలత. "పొద్దున తక్కువుండె. మా పార్కుల తిరిగి పెరిగిందా సార్?" అన్నాడు. మిగతా డబ్బు కట్టాను. ఎర్ర పట్టీ వేశాడు. నా కూతురు దాన్ని మణికట్టు మీద అటూ ఇటూ తిప్పి చూసుకుని, పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది.

సగం దారిలో ఉండగా గాలి దుమారం లేచింది. ఎండాకాలపు సాయంత్రాలు మా దిక్కు ఇంతే, ఉన్నట్టుండి పడమర నల్లబడుతుంది, కళ్లలో మట్టి పడుతుంది. ఖాళీ డబ్బాలు, టోపీలు, కాగితాలు మా ముందు నుంచి ఎగిరిపోయాయి. మేం చేరేసరికి టోపీ మనిషి మెట్లకు అడ్డంగా గొలుసు కడుతున్నాడు.

"గాలి లేస్తె ఆపాలె సార్. ఆన గూడ వస్తున్నది. ఇయ్యాల ఇగ నడవది" అన్నాడు. తర్వాత నా కూతురి చేతి వైపు చూసి, "అయ్యో" అన్నాడు.

రేకుల కింద గంటన్నర నిలబడ్డాం. వాన ఆగలేదు. పొద్దున్నే ఆ ఎర్ర పట్టీ ఉండి ఉంటే, నాలుగింటికే అది ఎక్కి దిగేది. ఈ లెక్క నాకే కాదు, దానికీ తెలుసు. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. ఏడ్చినా, కాళ్లు నేలకేసి కొట్టినా నేను కసురుకునేవాణ్ని, ఆ పైన బుజ్జగించేవాణ్ని. అది ఏ అవకాశమూ ఇవ్వలేదు.

తిరుగు దారిలో నా కోపానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. "నువ్వు ఒంచుమనకపోతె గింత లొల్లి కాకపోవునమ్మా" అన్నాను.

మా అమ్మ గేటు దగ్గర తిరిగి తీసుకున్న సర్వపిండి డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "నేను నోటితోని అన్న కొడుకా. నెత్తి మీద చెయ్యి నీది" అంది.

ప్రజ్ఞాపూర్ దగ్గర కొడుకు, మళ్లీ ఆ గాలి మిషన్ దగ్గరికి ఎప్పుడు పోదామని అడిగాడు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గును ఎవరి మీద తోసేయాలో తెలియక లారీలకు హారన్ కొట్టుకుంటూ సిద్దిపేట చేరాను.

జూన్ మొదటి ఆదివారం నా కూతురు దర్వాజ దగ్గరికి రాలేదు. నేనే పిలిచాను.

"రా బిడ్డా, కొలుద్దాం. బడి తెరిసేలోపట మల్ల పోదాం. ఈసారి పొద్దుగాల్నే పోయి ముందుగల రైలే ఎక్కుదాం."

వచ్చింది. వీపు ఆనించి నిలబడింది. నేను పెన్సిలు తీశాను.

"ఇయ్యాల ఎంత ఉండాలె డాడీ?" అని అడిగింది.

ఎగతాళికి కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"ఎంతున్నవో అంతే బిడ్డా" అన్నాను.

తలూపింది. మడమల వైపు మాత్రం చూసుకోలేదు. ఎప్పటిలాగే అరచెయ్యి దాని తల మీద ఆనించబోయాను. చెయ్యి ఇంకా తగలకముందే దాని మెడ లోపలికి ముడుచుకుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, బల్ల మీదున్న నోటుబుక్కు ఆనించి గీత గీశాను. ఆ గీత ఏప్రిల్ గీతకు సగం వేలు కింద పడింది.