మరిగించి చూడమన్న అక్క

మా ల్యాబ్ అక్క పోయిందని బుధవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను నమ్మలేదు. ఇంకొకరికి చేసి అడిగాను, తర్వాత జాలరిపేటలో వాళ్ల పక్కింటివాళ్లకు చేశాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందని ముగ్గురూ ఒకే మాట చెప్పాక అప్పుడు కూర్చుని ఏడ్చాను. ఒకరు చెప్పింది విని ఊరుకోకూడదన్న ఈ పాడు అలవాటు నాకు అంటించింది ఆవిడే.

రుషికొండ దగ్గర మా క్యాన్సర్ పరిశోధనశాలలో ఆవిడ సీనియర్ టెక్నీషియన్. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి, దానిచేత ఒక మానవ ప్రోటీన్‌ను తయారుచేయించి, శుద్ధి చేసి, క్యాన్సర్ కణాల మీద వేసి అవి చస్తాయేమో చూడడం మా పని. ఆ ప్రోటీన్‌తోనే నేను పీహెచ్‌డీ చేశాను. అక్కకు ఆ ప్రోటీన్ మీద, నా మీద, మా ఫ్రీజర్ తలుపు మీద కూడా అనుమానమే. నేను వేసిన తలుపు మళ్లీ లాగి చూసేది. సొంత తమ్ముడు వేటనుంచి తెచ్చిన చేపకైనా మొప్ప ఎత్తి చూడందే గిన్నెలో వేసుకునేది కాదట.

"నమ్మడానికేటి తొందర? రేపైనా నమ్మొచ్చు" అనేది.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. పెద్ద చదువులు చదివే పిల్లలంటే ఈవిడకు కుళ్లు అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

రెండేళ్లు ఏమీ దొరకలేదు. మూడో ఏడు ఒక మధ్యాహ్నం ప్రోటీన్ వేసిన గంటకే కణాలన్నీ చచ్చాయి. మా సార్ పొంగిపోయి, వ్యాసం రాసి పంపేద్దామన్నారు. నా థీసిస్ గట్టెక్కినట్టే. అందరికీ స్వీట్లు పంచాను. అక్క తన ముక్కను కాగితంలోనే ఉంచి మైక్రోస్కోప్ దగ్గరికి వెళ్లింది.

"ఇంత బేగి సచ్చిపోనాయేటి?"

"మందు బాగా పనిచేస్తోంది అక్కా."

"పన్జేత్తన్నది మందో, మరేటో. ప్రోటీన్ని మరిగించి ఎయ్యి. మరిగితే దాని పనైపోద్ది గదా. అప్పుడూ సస్తే, సంపింది అది కాదు."

ఆవిడ అడిగింది న్యాయమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. ఎందుకంటే ఒక సంగతి నాకొక్కదానికే తెలుసు. శుద్ధి చేశాక ప్రోటీన్‌లో మిగిలే రసాయనం వదలడానికి, ప్రోటీన్‌ను సన్నటి పొర సంచిలో కట్టి ఉప్పునీళ్లలో ఉంచి ఆ నీళ్లు మూడుసార్లు మార్చాలి. ఆ వారం బస్సు తప్పిపోతుందని నేను ఒక్కసారే మార్చాను. నోట్‌బుక్‌లో మాత్రం మూడని రాశాను.

మర్నాడు మరిగించి వేశాం. గంట తిరక్కుండా కణాలన్నీ చచ్చాయి. చంపింది నేను వదిలించని, మరిగినా చెడని ఆ రసాయనమే.

అక్కతో అంతా చెప్పేశాను. నోట్‌బుక్ సంగతి కూడా. అరుస్తుందనుకున్నాను. ఆవిడ నన్ను పక్కకు జరగమని, మైక్రోస్కోప్‌లో కణాల పళ్లెంలోని ఒక్కో గుంటనూ చాలాసేపు చూసింది.

"నోట్‌బుక్‌లో నిజం రాసీ. సార్‌కి నువ్వే సెప్పు, నాను సెప్పను. గానీ నాను అన్నాను గదాని నా మాటా నమ్మకు. మరిగించడంలో నానే తప్పు సేసినానేమో. ఇంకోపాలి సేద్దాం."

"ఎందుకక్కా, తెలిసిపోయిందిగా?"

అప్పుడు చెప్పింది. వాళ్ల చెల్లెలికి రొమ్ము క్యాన్సర్, ఆర్నెల్లుగా ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్నారు. ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు. ఆ స్వీటు ముట్టుకోని మనిషికి ఆ ఫలితం మా అందరికంటే ఎక్కువ కావాలి.

రెండోసారి కూడా కణాలు చచ్చాయి. సార్‌కి నేనే చెప్పాను. థీసిస్‌కు మరో రెండేళ్లు పట్టింది. ఆవిడ పుణ్యమా అని అందులో అబద్ధం లేదు. ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే, బతికుండగా చెబితే దాన్నీ అనుమానించేది.

ఆ రెండోసారి నీళ్లు మరగడానికి పట్టిన కాసేపు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. హీటర్ పక్కన స్టూలు మీద అక్క, చేతులకు గ్లౌజులు, కళ్లు గిన్నెలోని నీళ్ల మీద. తన అనుమానమే తప్పవ్వాలని లోలోపల ఏ దేవుడికో దండం పెట్టుకుంటూ.