గౌస్ మామ దుకాణంలో ఎడమ గోడ

పోయిన నెల వాయిదా ఉండి గిద్దలూరు కోర్టుకు వెళ్ళినప్పుడు, బస్టాండు పక్క వీధిలో ఎవరో అద్దం కోస్తున్న చప్పుడు వినిపించింది. గాజు మీద కట్టరు నడిచేటప్పుడు వచ్చే ఆ సన్నని కీచుకు నాతో ఉన్న జూనియర్ అమ్మాయి పళ్ళు జివ్వుమన్నాయని చెవులు మూసుకుంది. నేను మాత్రం నడిరోడ్డు మీద నిలబడిపోయాను. ఆ కీచు తర్వాత టక్కుమని అద్దం విరగాలి, తర్వాత ఒక దగ్గు, ఆ తర్వాత "చెప్పు లాయరమ్మా" అనే పిలుపు రావాలి. అద్దం విరిగిన చప్పుడు వరకే వచ్చింది. గౌస్ మామ పోయి రెండేళ్ళవుతున్నా నా చెవులకు ఆ సంగతి ఇంకా పూర్తిగా తెలియలేదు.

మార్కాపురం బస్టాండు వెనక సందులో ఆయనకు ఫోటోఫ్రేముల దుకాణం ఉండేది. పెళ్ళి ఫోటోలు, దేవుళ్ళ పటాలు, మక్కా మదీనా చిత్రాలు, పోయినవాళ్ళ ఫోటోలు, పదో తరగతి ర్యాంకు సర్టిఫికెట్లు, ఊళ్ళో గోడకెక్కే వస్తువు ఏదైనా ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. దుకాణంలో కుడి గోడ నిండా అచ్చు బొమ్మలు. ఎడమ గోడ మీద మాత్రం ఏడెనిమిదే ఉండేవి. ఈ చుట్టుపక్కల మనుషులు చేత్తో వేసినవి, రెండో ప్రతి లేనివి. కుడి గోడ ఆయనకు అన్నం పెట్టేది. ఎడమ గోడ సంగతి అడిగితే "అది నా షోకు" అని దాటేసేవాడు. ఆయన మా నాయన వయసువాడు, ఏడో తరగతితో బడి మానేసినవాడు, ఒక్క ఆర్ట్ గ్యాలరీ గడప కూడా తొక్కనివాడు. బొమ్మను ఎట్లా చూడాలో, ఎట్లా కొనుక్కోవాలో నాకు నేర్పింది ఆయనే. ఊరంతా మామ అనేది కాబట్టి నేనూ మామ అనేదాన్ని.

నేను బేస్తవారిపేట నుంచి వచ్చి మార్కాపురంలో సొంతంగా ఆఫీసు తెరిచిన కొత్తలో, గోడ బోసిగా ఉందని ఆయన దుకాణానికి వెళ్ళాను. ఏం కావాలో ముందే తీర్మానించుకునే వెళ్ళాను. పరుగెత్తే ఏడు గుర్రాల బొమ్మ, బంగారు రంగు ఫ్రేము, కింద వెలిగే లైట్లు.

"గుర్రాలంటే నీకు ఇష్టమా?" అన్నాడాయన.

"ఇష్టమని కాదు మామా. ఆఫీసులో పెడితే కలిసొస్తాదంట గదా."

"ఎవురు చెప్పినారు?"

"అందరి ఆఫీసుల్లో ఉండాయి."

"అందరి ఆఫీసుల్లో పరుగెత్తి పరుగెత్తి, నీ కాడికి వచ్చేసరికి వాటికి ఓపిక ఉంటాదా?"

అమ్మేవాడే వద్దంటే కొనేవాళ్ళకు రోషం రాదా మరి! నా డబ్బు నా ఇష్టం అన్నాను. ఆయన నవ్వి, షట్టర్ సగం దించి, పాత పేపర్లు చంకన పెట్టుకుని నా వెంట ఆఫీసుకు వచ్చాడు. వచ్చినవాడు నా కుర్చీ వైపు చూడనైనా చూడలేదు. కక్షిదారులు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. "నువ్వు ఈ గోడకు వీపు పెట్టి కూసుంటావు. చూసేది నువ్వు గాదు, నీ కాడికి వచ్చినోళ్ళు. పొలం పోయినోడు, మొగుడు వదిలేసిన ఆడబిడ్డ ఈడ కూసోని నీ ముఖం చూడలేక గోడ చూస్తారు. వాళ్ళకు ఏం కనబడాలో అది తెచ్చుకో" అన్నాడు. పేపర్లు అతికించి, కత్తిరించి, మళ్ళీ అతికించి, ఆ గోడకు ఎంత బొమ్మ సరిపోతుందో చూపించాడు. నేను అనుకున్నదానిలో సగం కూడా లేదు. కూర్చున్న మనిషి కళ్ళకు సమంగా పెన్సిలు గీత గీశాడు. పడమటి కిటికీ ఎండ తగిలితే రంగు పోతుందని జరిపి ఇంకో గీత గీశాడు. నేను చదువుకున్న లా అంతా ఆ పెన్సిలు ముందు నోరు మూసుకుంది.

తర్వాత ఎడమ గోడ మీది నుంచి ఒక బొమ్మ తీసి నా చేతిలో పెట్టాడు. సగం మూసిన దుకాణం షట్టర్, దాని ముందు ఒక మేక. అంతే. ధర అడిగితే చెప్పలేదు. "ముందు ఎనిమిది దినాలు గోడకు పెట్టుకో. మొదటి దినం ఏ బొమ్మైనా బాగుంటాది. ఎనిమిదో దినం బొమ్మను ఆణ్ణే వదిలి ఉత్త చేతుల్తో రా. ఏం చూసినావో చెప్పు. కొత్తగా చెప్పేదేమీ లేకుంటే తిరిగి ఇచ్చేయ్" అన్నాడు. ఎడమ గోడ మీది బొమ్మ ఏదైనా, కొనేవాళ్ళు ఎవరైనా ఇదే పద్ధతి. ఈ పరీక్షకు ఒప్పుకోక కోపంతో వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఉన్నారు.

ఎనిమిదో రోజు వెళ్ళాను. "మేక ఉంది, షట్టర్ ఉంది" అని మొదలుపెడితే, "అది మొదటి దినమే చూసినావు" అని కొట్టేశాడు.

"షట్టర్ కింద సందులో రెండు పాదాలు కనపడతాయి మామా. లోపల మనిషి ఉండాడు. మేక ఆ మనిషి కోసమే చూస్తా ఉంది. అది నాలుగో దినం కనపడింది."

"ఇంకా?"

"నిన్న ఒక ముసలామె వచ్చి, కేసు సంగతి వదిలేసి, 'ఆ అంగడి తెరుస్తాండారా, మూస్తాండారా' అని అడిగింది. నాకు తెలీదన్నాను."

"పో, మేకు కొట్టుకో. అది నీదే" అన్నాడు. అప్పుడు చెప్పిన ధర, నేను కొనబోయిన గుర్రాలకు, వాటి బంగారు ఫ్రేముకు, లైట్లకు అయ్యేదానిలో సగం కూడా లేదు. చేత్తో వేసిన బొమ్మంటే హైదరాబాదు శ్రీమంతుల వ్యవహారం అనుకునే నాలాంటిదానికి అది చెంపదెబ్బే, అయినా హాయిగా ఉంది.

ఆ మేకను వేసినవాడు ఓబులేసు. అర్ధవీడు మనిషి. అంగళ్ళకు బోర్డులు రాసి బతికేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని ఎండిపోయింది. రాసే పని లేని రోజుల్లో వేసిన బొమ్మలు గౌస్ మామ ఎడమ గోడకు చేరేవి. అవి ఏడాదికి రెండో మూడో అమ్ముడయ్యేవి, అది సంసారానికి ఏ మూలకు? బెంగళూరులో అపార్టుమెంట్లకు రంగులు వేయించే మేస్త్రీ ఒకడు రమ్మని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. "పొద్దంతా తాళ్ళకు వేలాడి గోడలకు రంగు కొట్టినోడు, మళ్ళా కుంచె పడతాడా మేడం?" అని ఆయన భార్య రమణమ్మ ఒకసారి నాతో అంది. ఆమె అడిగింది డబ్బు గురించి కాదు, భర్త చేయి గురించి. అది నన్ను పట్టుకుంది. అంతలో నా కక్షిదారు, ఒక డాక్టరమ్మ, కొత్త నర్సింగ్ హోం కట్టి, గోడలకు పన్నెండు బొమ్మలు కావాలంది. నేను ఎగిరి గంతేసి ఓబులేసు పేరు చెప్పాను. పన్నెండు బొమ్మలంటే అతను ఏడాది పాటు ఇల్లు కదలనక్కర్లేదు.

మూడు వారాల తర్వాత ఓబులేసు రమణమ్మతో కలిసి వచ్చి మొదటి నాలుగూ దుకాణంలో పెట్టాడు. ఒకదానిలో హంసలు, ఒకదానిలో జలపాతం, ఒకదానిలో బిడ్డను ఎత్తుకున్న తల్లి, ఇంకోదానిలో నవ్వుతున్న నర్సు. ఆసుపత్రివాళ్ళు ఏది మెచ్చుతారో ఊహించుకుని, భయపడి వేసిన బొమ్మలవి. మేకను వేసిన చేయి వాటిలో ఎక్కడా లేదు. నాకు చూసిన క్షణమే తెలిసింది. కానీ రమణమ్మ బొమ్మల వైపు చూడడం లేదు, నా ముఖం వైపు చూస్తోంది. "చాలా బాగుండాయి ఓబులేసూ" అన్నాను. వాళ్ళిద్దరూ సంతోషంగా బస్సుకు బయల్దేరారు.

గౌస్ మామ వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగాడు. "ఆ హంసల్ని నీ ఆఫీసులో పెట్టుకుంటావా?"

నేను హంసల బొమ్మను గోడ వైపు తిప్పి పెట్టాను.

"నీకు పనికిరానివి డాక్టరమ్మకు ఎట్ల పనికొస్తాయి?"

"వద్దంటే ఆయన బెంగళూరికి పోతాడు మామా. మీకు జాలి లేదా?"

"జాలి ఉంటే ఒక బియ్యం మూట పంపు, నేనూ ఒకటి పంపుతా. బాగుండాయని అబద్ధం చెప్పి, బతికినన్ని దినాలూ వానితో హంసలు ఏయించొద్దు. చెప్పినదానివి నువ్వు, నువ్వే పోయి సరిచెయ్."

కంభంలో బస్సు మారి అర్ధవీడు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఓబులేసు వసారాలో ఐదో బొమ్మ వేస్తున్నాడు. ఎట్లా చెప్పాలో బస్సులో తయారు చేసుకున్న మాటలన్నీ పక్కకు పోయాయి. "ఇవి బాగలేవు ఓబులేసూ. ఆ పొద్దు అబద్ధం చెప్పినాను" అనేశాను. ఆయన కుంచె ఆపాడు. "మీరే గదా మేడం బాగుండాయంటిరి" అన్నాడు. కుంచె గుడ్డకు తుడిచి, డబ్బాలో పెట్టి, "సోమవారం బెంగళూరికి పోతా" అన్నాడు. రమణమ్మ తెచ్చిన నీళ్ళు కూడా తాగకుండా నాలుగు గంటల బస్సు పట్టుకున్నాను. ఒక మనిషి చేతిని నేనే విరిచేశానని దారంతా ఏడుపు వచ్చింది.

"చెప్పినావా?" అన్నాడు గౌస్ మామ.

"చెప్పినాను."

"చెప్పి ఏం చేసినావు?"

"నాలుగు గంటల బస్సుకు వచ్చేసినాను."

ఆయన చేతిలో కట్టరు కింద పెట్టాడు. అంత కోపంగా ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. "నిజం చెప్పి పారిపోయి వచ్చినావా? పక్కన కూసోని, యాడ చెడిందో వేలు పెట్టి చూపించాల గదా! ఉత్త బాగలేదంటే వానికేం తెలుస్తాది? కోర్టులో జడ్జి గూడా కారణం రాసి సంతకం పెడతాడు గదమ్మా."

మరునాడు ఆయన దుకాణం తెరవలేదు. శుక్రవారం నమాజుకు కూడా గంట సేపే మూసే మనిషి, పొద్దున బస్సుకు అర్ధవీడు పోయి సాయంత్రం దాకా ఉన్నాడు. అక్కడ జరిగింది రమణమ్మ తర్వాత చెప్పింది. సగం పూట ఇద్దరూ హంసల ముందు ఊరికే కూర్చున్నారట. "నువ్వు ఎప్పుడైనా హంసను చూసినావా?" అని అడిగాడట ఈయన. "యాడ చూస్తా మామా" అన్నాడట ఓబులేసు. "మరి చూసింది ఎయ్యి" అని, మెడ ఎక్కడ అబద్ధమో, నీళ్ళు ఎక్కడ నీళ్ళలా లేవో ఒక్కొక్కటే చూపించి, ఆమె పెట్టిన జొన్నరొట్టె తిని వచ్చాడట. ఓబులేసు బెంగళూరు ప్రయాణం మాత్రం ఆగలేదు. సోమవారం వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు బట్టల మధ్య కుంచెలు పెట్టుకున్నాడని రమణమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నేను ఆఫీసులో ఎవరున్నారని కూడా చూడకుండా ఏడ్చాను.

నర్సింగ్ హోం ఖాళీ గోడలతోనే తెరుచుకుంది. డాక్టరమ్మ నా మీద మండిపడితే గౌస్ మామే వెళ్ళి సర్దిచెప్పాడు. "ఖాళీ గోడకు జబ్బు రాదు డాక్టరమ్మా, కొంచెం ఓపిక పట్టు." ఐదు నెలలకు బెంగళూరు నుంచి ఐదు బొమ్మలు వచ్చాయి, ఓబులేసు ఆదివారాలు వేసినవి. పన్నెండో అంతస్తు నుంచి కిందికి చూస్తే కనపడే వీధి. సగం పాత రంగు, సగం కొత్త రంగు ఉన్న గోడ. తాళ్ళకు వేలాడే చెక్క మీద కూర్చుని, కాళ్ళు ఊపుతూ క్యారియర్ తింటున్న ఇద్దరు మనుషులు. గౌస్ మామ వాటిని ఎనిమిది రోజులు తన ఇంట్లోనే పెట్టుకుని తర్వాత ఇచ్చాడు. ఆ క్యారియర్ బొమ్మ ముందు బాలింతల భర్తలు నిలబడి, అందులో తమ అన్నో తమ్ముడో ఉన్నట్టు చెప్పుకోవడం నేను చాలాసార్లు విన్నాను. ఓబులేసు రెండేళ్ళకు తిరిగి వచ్చాడు. ఇప్పుడు కంభంలో ఉంటూ వారంలో నాలుగు రోజులు రంగుల పనికి పోతాడు, మూడు రోజులు బొమ్మలు వేస్తాడు. డాక్టరమ్మ గోడల్లో నాలుగు ఇంకా ఖాళీగానే ఉన్నాయి, ఆమెకు తొందర లేదు.

గౌస్ మామ దుకాణంలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆయన లేకపోయేసరికి బొమ్మలు వేసే పిల్లలు కొందరు నా ఆఫీసుకు వస్తున్నారు. నేనేమైనా కొంటాననో, కొనేవాళ్ళను చూపిస్తాననో వాళ్ళ ఆశ. నిన్న పెద్దదోర్నాల నుంచి ఈశ్వరి అనే అమ్మాయి వచ్చింది. వాళ్ళ నాయన అడవిలో తేనె తీస్తాడు. బట్టలో చుట్టి ఒక జింక బొమ్మ తెచ్చింది. ఫోన్‌లో చూసి దించిన జింక అది, అడవిలో పుట్టిన పిల్ల వేసిన జింక కాదు. ఆమె నా ముఖమే చూస్తోంది. బాగుందనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది.

"బాగలేదమ్మా" అన్నాను.

కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి ఆ పిల్లకు. బొమ్మను మళ్ళీ చుట్టబోయింది. బయట జూనియర్ అమ్మాయి కోర్టుకు టైమైందని తలుపు కొడుతోంది. నా కేసు కాస్త ఆగి పిలవమని అడగడానికి ఆమెను పంపాను. నా కుర్చీ వదిలి వచ్చి బల్ల మీద ఈశ్వరి పక్కన కూర్చుని, ఆ బట్ట విప్పాను.

"యాడ బాగలేదు మేడం?" అంది ముక్కు తుడుచుకుంటూ.

జింక కంటి మీద వేలు పెట్టి మొదలుపెట్టాను.