అత్తిముగం పాస్‌వర్డ్

పోయిన శుక్రవారం పొద్దున హోసూరులో మా టైపు టీచరమ్మ చనిపోయారు. గుండెపోటు. వార్త మా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో పడిన గంటలోపే చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. అవి చూసి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ చేతుల్లో ఒక్కటైనా ఏ ఆదివారమైనా వచ్చి ఆమె బల్ల ఒక కొస పట్టుకున్న పాపాన పోలేదు. మధ్యాహ్నానికి ఒకాయన నివాళి పోస్టరు కూడా పెట్టాడు. దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశాడో ఆ కంపెనీ గుర్తు ఆమె ఫోటో కిందే ఉంది. ఆమె బతికినంత కాలం వద్దు వద్దని మొత్తుకున్నది దాన్నే.

ఆమె ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. టైపు మిషన్లు మూలపడ్డాక, అరవై దాటిన వయసులో కంప్యూటరు నేర్చుకున్నారు. ఎవరైనా తీసుకుని, లోపల ఏముందో తెరిచి చూసుకుని, కావలసినట్టు మార్చుకుని, పక్కవాళ్ళకు ఇవ్వగలిగే సాఫ్ట్‌వేర్ ఒకటుందని తెలిసిన రోజు నుంచి ఆమెకు వేరే లోకం లేదు. ప్రతి ఆదివారం మరిదిగారి పాత్రల అంగడి ముందు బల్ల వేసి, రెండు పాత ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చునేవారు. కుక్కరు కొనడానికి వచ్చినవాళ్ళను కూడా వదిలేవారు కాదు.

"సుమ్నే, దుడ్డు లేకుండా ఇస్తారంటే ఏమో మోసం ఉంటుంది టీచరమ్మా" అనేవాళ్ళు.

"కొన్న సాంబారు పొడిలో ఏమేమి వేసినారో నీకు చెప్తారా అమ్మా? ఇది మన ఇంటి పొడి. ఎంతెంత వేసినామో రాసి చేతికిస్తాము. కారం చాలకుంటే ఇంకో నాలుగు మిరపకాయలు వేసుకో, ఎవురూ అడగరు."

ఆమెకు ఒక నియమం ఉండేది. ఎవరి కంప్యూటరు వాళ్ళే బాగుచేసుకోవాలి. తాను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి నోటితో మాత్రమే చెప్పేవారు. ఒక్కో మనిషికి పూటంతా పట్టేది. నేను ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవాణ్ణి, నాకు అంత ఓపిక ఎక్కడిది? "జరగండి టీచరమ్మా, ఇరవై నిమిషాల్లో ముగిస్తాను" అనేవాణ్ణి. "నీ వేగం నాకెందుకప్పా? వాళ్ళకు వచ్చిందా లేదా, అది చెప్పు" అనేవారు. అలా ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. నా చెవికి ఎక్కితేనా!

హోసూరు పక్కనున్న అత్తిముగంలో, పూలతోటల్లో కూలికి పోయే ఆడవాళ్ళు కొందరు ఒక చదువుల గది పెట్టుకున్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, తమిళనాడు కాబట్టి బడిలో చదివింది అరవం. అందుకే వాళ్ళకు తెలుగు అక్షరాలు వచ్చేవి కావు. టీచరమ్మ కీబోర్డు మీదే అక్షరాలు నేర్పించారు. వాళ్ళు ఆ వేళ్ళతోనే తమ అమ్మలు, అవ్వలు తోటల్లో పాడే పాటలు ఒక్కొక్కటే టైపు చేసుకున్నారు. అక్కడి కంప్యూటర్లు సిద్ధం చేసింది నేను. టీచరమ్మకు జ్వరమని, నేనొక్కణ్ణే వెళ్ళి, అందరినీ బయట కూర్చోబెట్టి ఒక్క పూటలో అన్నీ చేసేశాను. పాస్‌వర్డ్ నా దగ్గరే పెట్టుకున్నాను. వాళ్ళ చేతికిస్తే చెడగొడతారని. మా గ్రూపులో అందరం చేసేది ఇదే. ఒక్కరూ ఒప్పుకోరు కానీ ఇదే.

ఒకరోజు వాళ్ళు ప్రింటరు తగిలించబోతే కంప్యూటరు పాస్‌వర్డ్ అడిగింది. నాకు ఫోన్ చేశారు. నేను షిఫ్టులో ఉన్నాను. మర్నాడూ, ఆ మర్నాడూ చేశారు. చూసి, ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. విసిగిపోయి ఒక రిపేరు అంగడివాణ్ణి పిలిపించుకున్నారు. వాడు "ఇది పనికిరాని సరుకు" అని అంతా తుడిచేసి, ఎక్కడో దొంగిలించిన కంపెనీ సాఫ్ట్‌వేర్ కాపీ ఎక్కించిపోయాడు. పాటలన్నీ పోయాయి. ఇంకోచోట దాచమని టీచరమ్మ చెప్పినా నేను దాచలేదు.

నేను ఆ రిపేరువాణ్ణి బూతులు తిడుతుంటే టీచరమ్మ వినలేదు.

"వాణ్ణి ఎందుకు అంటావు? ఇల్లు వాళ్ళది. తాళం వేసి, చెవి జేబులో వేసుకొని పోయినోడివి నువ్వు. ఆ కంపెనీవోళ్ళకూ నీకూ ఏమప్పా తేడా?"

ఇన్నేళ్ళలో ఆమె గొంతు పెంచడం అదొక్కసారే చూశాను. ఆదివారం ఇద్దరం అత్తిముగం పోయి మొదటి నుంచి మొదలుపెడదామన్నారు. శుక్రవారం పోయారు.

అందుకే గ్రూపువాళ్ళు పెట్టిన సంతాపసభకు నేను వెళ్ళలేదు. ఆ గ్రూపులో నుంచి కూడా బయటికి వచ్చేశాను. ఆదివారం బస్సెక్కి ఒక్కణ్ణే అత్తిముగం వెళ్ళాను. గదిలో ఆరుగురు ఆడవాళ్ళు నా కోసం కాదు, ఆమె కోసం ఎదురుచూస్తున్నారు. ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. వాళ్ళలో పెద్దామె అంది:

"ఆయమ్మ పోయింది. నువ్వు మిగిలినావు. మూడు దినాలు ఫోన్ చేస్తిమి కదప్పా, యాడ పోయినావు?"

తప్పు నాదే అన్నాను. మా సాఫ్ట్‌వేర్ ఉన్న పెన్‌డ్రైవు ఆమె చేతిలో పెట్టి, ఎక్కడ గుచ్చాలో, ఏది నొక్కాలో నోటితో చెప్పాను. చీకటి పడేలోపు ఒక్క కంప్యూటరే అయింది. చివర్లో తెర మీద కొత్త పాస్‌వర్డ్ అడిగింది. పెద్దామె నా వైపు చూసింది.

"మీరే పెట్టుకోండమ్మా. నాకు చెప్పొద్దు" అన్నాను.

"అయితే అట్ల తిరుగు."

గోడ వైపు తిరిగాను. వెనక ఆరుగురూ గుసగుసలాడుకున్నారు, ఎవరో నవ్వారు, ఎవరో కసిరారు. తర్వాత మీటలు ఒక్కొక్కటే, ఆగి ఆగి పడుతున్నాయి. నా ముక్కు ముందు సున్నం పెచ్చులూడిన గోడ. కళ్ళలో నీళ్ళు ధారకట్టాయి, తుడుచుకోలేదు.

"అయిందా అమ్మా?"

"ఇంకా లేదు. తిరగొద్దు."