ఆ నాటకం గురించి నేను రాసింది

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు కనుకనే.

అప్పట్లో కెనడాలోని కనాటా అనే ఊళ్లో ఉద్యోగం చేస్తూ, ఒక చిన్న ఇంగ్లీషు వారపత్రికకు నాటక సమీక్షలు రాసేదాన్ని. ఒక శనివారం మధ్యాహ్నం, శ్రీలంక నుంచి వచ్చి స్థిరపడిన ఇద్దరు స్త్రీలు కమ్యూనిటీ హాల్లో నాటకం వేశారు. ఒకరు తమిళామె, ఒకరు సింహళామె. అక్కడ యుద్ధం ముగిసి ఏళ్లయినా, ఇక్కడ చూడ్డానికి వచ్చినవాళ్లు మధ్యలో దారి వదిలి, తమిళులు అటు, సింహళీయులు ఇటు కూర్చున్నారు.

కథ చిన్నది. సైనికుడై చనిపోయిన కొడుకు కాగితాల కోసం ఒక సింహళ తల్లి, సైనికులు పట్టుకుపోయిన కూతురి జాడ కోసం ఒక తమిళ తల్లి, ప్రభుత్వ ఆఫీసులో ఒకే బెంచీ మీద ఎదురుచూస్తారు. కానీ సింహళ తల్లిగా వేసింది తమిళామె, సింహళంలో. తమిళ తల్లిగా వేసింది సింహళామె, తమిళంలో. పరాయి మాటలు నోట్లో తడబడుతున్నా వదలకుండా, ఒకరి బిడ్డ కోసం ఇంకొకరు ఏడ్చారు. వెనక తెర మీద ఇంగ్లీషు అనువాదం పడుతోంది. చదవడం మరిచిపోయాను. ఏడుస్తున్నానని నాకే తెలియలేదు. అయిపోయాక అటువైపు ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. ఇటువైపు ఒకావిడ లేచింది. తర్వాత అందరూ. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మనుషులు ఇంత చేయగలరా అనుకున్నాను.

సోమవారం ఆఫీసులో మా తెలుగాయన ఒకరు అన్నారు: “మీ పీఆర్ ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది కదండీ. వాళ్ల పాలిటిక్స్‌లో మన పేరెందుకు చెప్పండి?”

ఆయన బలవంతపెట్టలేదు. కెనడాలో శాశ్వత నివాసం చేజారుతుందేమోనన్న భయం నాదే. నాటకం ఒక పక్షానికి కొమ్ము కాస్తోందని, రాని భాషలో నటించడం జనాన్ని బుట్టలో వేసే ఎత్తుగడని రాశాను. ఏ పక్షానికో మాత్రం రాయలేదు. రాయడానికి ఏముంది? మిగిలిన రెండు ప్రదర్శనలకు హాలువాళ్లు నా సమీక్ష చూపించి అనుమతి రద్దు చేశారు. ఆ నాటకం మళ్లీ ఎక్కడా ఆడలేదు.

పత్రికలో నా ఫొటో చూసిందేమో, కొన్ని వారాలకు లైబ్రరీలో తమిళామె నన్ను గుర్తుపట్టింది. ఇంగ్లీషులో, మెల్లగా అంది.

“మీరు ఏడ్చారు. స్టేజీ మీద నుంచి చూశాను.”

“ఏడిపించినంత మాత్రాన మంచి నాటకం అయిపోదు కదండీ.”

“కాదు. కానీ ఆ తల్లి మాటలు నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. అలాంటి సైనికుడి తల్లి మాట్లాడుతుంటే వినలేకపోయేదాన్ని. ఇప్పుడు వినగలను.”

అంతే. తిట్టలేదు. ఏ ధైర్యంతో ఒక మనిషి అంత దూరం నడుస్తుంది? నేను ఒక్క వాక్యం నిజం రాయలేకపోయానే!

పీఆర్ వచ్చింది, సిటిజన్‌షిప్ వచ్చింది. ఆ సమీక్ష గురించి ఎవరూ అడగనే లేదు. ఆమె క్షమించిందో లేదో తెలియదు. అడిగే హక్కు నాకుందనుకోను.

నా జీవితంలో నేను చూసిన అతి గొప్ప నాటకం అది. అది ఎవరి పక్షమూ కాదు. తెలిసే అబద్ధం రాశాను.

మీతో అనేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.