మూడు పిన్‌లు, ఒకే చేయి

2022. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ల సంఘం ఒకటి, ఏది చేనేత చీరో ఏది మరమగ్గం చీరో కొనేవాళ్లకు తెలిసేలా బ్లాక్‌చెయిన్ పెట్టించింది. బ్లాక్‌చెయిన్ అంటే అందరి దగ్గరా నకలుండే చిట్టా. ఒకసారి రాస్తే ఎవరూ చెరపలేరు. అందులో ఎవరి మాట చెల్లాలో తేల్చే నియమాలే గవర్నెన్స్. అది రాయడం నా పని. హిందూపురం నుంచి రోజూ రైల్లో ఒక్కదాన్నే వచ్చిపోయేదాన్ని. నేను చేసేదేమిటో ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. చివరికి చెప్పడం మానేశాను.

ఐదుగురు నేతగాళ్లను పరీక్షకులుగా పెట్టాను. ముగ్గురు తమ ఫోన్లో ఎవరి పిన్ నంబరు వాళ్లు కొడితేనే చీర ఏ మగ్గానిదో చిట్టాకెక్కుతుంది. ఇక మోసం జరగదని తెగ మురిసిపోయాను.

రెండో నెలలో సుబ్బక్క వచ్చి నా టేబుల్ మీద చీర పెట్టింది. ముప్పై ఏళ్లుగా గుంటమగ్గం మీద నేస్తున్న మనిషి.

“నా చేతుల్తో నేసింది పాపా. మిషన్‌దని రాసినారంట. అంగడాయన వాపస్ పంపినాడు. నా పేరు పక్కన అట్లే ఉంటే ఇంక నా చీర ఎవురు ముట్టుకుంటారు?”

చిట్టా చూశాను. మూడు పిన్‌లూ ఒకే నిమిషంలో, ఒకే ఫోను నుంచి పడ్డాయి. అది పరీక్షకుల్లో ఒకడైన సంఘం పెద్ద నాగప్పన్న ఫోను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాళ్లు మాటిమాటికీ లేవలేరు. రేషన్ కార్డు దగ్గర్నుంచి అన్నీ ఆయనకే అప్పగించే అలవాటు. పిన్‌లూ అప్పగించేశారు.

మళ్లీ చూడమని మిగతా నలుగురినీ అడిగాను. “అన్న చూస్తే మేం చూసినట్లే గదమ్మా. ఆయన్ని కాదని మేమెట్ల చెప్పేది?” అన్నారు.

నాగప్పన్న దొంగ కాడు. “నేత అంత సాపుగా ఉండాది. చేత్తో నేసిందంటే ఎవురు నమ్ముతారమ్మా?” అన్నాడు. బాగా నేసినందుకే సుబ్బక్కకు ఆ శిక్ష. ఆమె ఫిర్యాదు చేసుకోడానికి నేను రాసిన నియమాల్లో చోటే లేదు. ఆ ఊళ్లో ఆమె ఎంత ఒంటరో, నేనూ అంతే ఒంటరినని ఆరోజు అనిపించింది.

నేసినవాళ్లు అడిగితే పరీక్షకులు మగ్గం దగ్గరికే వచ్చి చూడాలని, అక్కడే ఎవరి పిన్ వాళ్లు కొట్టాలని కొత్త నియమం రాశాను. సంఘం ఒప్పుకోడానికి నెల పట్టింది. సుబ్బక్క అదే అంచు మళ్లీ నేస్తుంటే నాగప్పన్న చాలాసేపు చూసి, తన పిన్ ముందుగా కొట్టాడు. చిట్టాలో ‘చేనేత’ అని కొత్త వరుస చేరింది.

“ముందుది తుడిచేసినావా పాపా?”

“తుడిచేకి కాదు సుబ్బక్కా. అదీ ఉంటాది, దాని కింద ఇదీ ఉంటాది.”

“ఈ చిట్టా చేసింది నువ్వే గదా?”

ఆ సాయంత్రం రైలు పెనుకొండ దాటేదాకా ఆ మాటే చెవిలో ఉంది.

మోసగాళ్లను తలచుకుని నియమాలు రాశాను. పొరపాటు పడే మంచివాళ్లను తలచుకోలేదు. ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా ఫిర్యాదు చేసుకునే చోటే ముందు రాస్తాను. అయినా అప్పుడప్పుడు ఆ పాత వరుస తెరిచి చూస్తుంటాను. సుబ్బక్క పేరు, పక్కన ‘మరమగ్గం’. అది రాసింది నాగప్పన్న. చెరపలేకుండా చేసింది నేను.