పేరూరి సుశీల సంతకం

దయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని. ఇప్పటికీ వాటిని నమ్మను. మా పాప పుట్టినప్పుడు అత్తగారు గుమ్మానికి కట్టించిన వేపమండల్ని నేనే తీసి పారేశాను. నేను పిరికిదాన్నని అనుకోకూడదని ఈ సంగతి ముందే చెబుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది ఏలూరులో ఇంటర్మీడియట్‌లో చేరాను. పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. డాక్టరు చదవాలని నా కోరిక. దానికి కావలసిన జీవశాస్త్రం మా కాలేజీలో లేదు, లెక్కలే గతి. కాలేజీ తెరిచిన నెలన్నరకి, అంతకుముందు నేను దరఖాస్తు పెట్టిన గుంటూరు ఆడపిల్లల కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక సీటు ఖాళీ ఉందనీ, శుక్రవారం సాయంత్రం లోపల టి.సి. తీసుకుని వస్తే చేర్చుకుంటామనీ రాశారు.

టి.సి.కి దరఖాస్తు పెట్టాను. పెట్టాక భయం పట్టుకుంది. గుంటూరులో మాకు ఎవరూ లేరు. నాన్నగారిని అడుగుదామని ఊరు వెళ్లాను. ఆయన కొల్లేటి లంకలో బడిపంతులు.

"చదివేదానివి నువ్వు. నీకెలా తోస్తే అలా చెయ్యమ్మా, నేను కాదనను" అన్నారు నాన్నగారు.

వద్దన్నా బాగుండేది, ఎదురు చెప్పేదాన్ని. రెండు రోజులు అన్నం సయించలేదు. బుధవారం రాత్రికి వెళ్లాలనే నిశ్చయించుకున్నాను. గురువారం గాలి లేచి సరస్సు మీద ఒక్క దోనె కూడా కదల్లేదు. ఆ రోజంతా నేను బడి అరుగు మీద కూర్చుని పిల్లలకి ఎక్కాలు చెప్పించాను. ఊరంతా చూసింది. శుక్రవారం తెల్లవారగానే దోనె ఎక్కి, పదింటికల్లా కాలేజీ ఆఫీసుకి చేరాను.

గుమాస్తాగారు పెద్దాయన, నవ్విస్తూ మాట్లాడే మనిషి. టి.సి. అడిగితే కళ్లజోడు పైకి తోసుకుని చూశారు.

"అదేంటమ్మా, నిన్ననేగా వచ్చి దరఖాస్తు వెనక్కి తీసుకున్నావు? పెళ్లి కుదిరినట్టు చెప్పనే లేదు. ఇంటిపేరు అప్పుడే మార్చేసుకున్నావే! భోజనాలకి పిలవాల్సొస్తుందనా?"

రిజిస్టరు నా ముందుకు తిప్పారు. అందరూ ఇంగ్లీషులో సంతకం చేసేవారు. నాన్నగారు నేర్పినట్టు నేను తెలుగులోనే చేసేదాన్ని, కింద రెండు గీతలు గీసి. అవే అక్షరాలు, అవే గీతలు. సుశీల అన్న పేరు ముందు మాత్రం మా ఇంటిపేరు లేదు. పేరూరి అని ఉంది. పక్కన చిన్న చిన్న వేళ్లు ఆనినట్టు నూనె మరకలు.

"ఆ పాప చెయ్యి పెట్టేసిందమ్మా. మీ అక్కయ్య కూతురా? ఎడమ కాలికి నీలం అంచు గుడ్డ కట్టుంది. ఏమైంది పాపం?" అన్నారాయన.

నాకు అక్కయ్య లేదు.

ప్రిన్సిపాలుగారు నా మాట వినలేదు. పూటకో మాట మార్చే ఆడపిల్లల కోసం రికార్డులు దిద్దుతూ కూర్చోలేమన్నారు. గురువారం నేను ఇంట్లోనే ఉన్నానని నాన్నగారు ఉత్తరం రాశారు. కన్నతండ్రి అలా కాక ఎలా రాస్తాడన్నారట. గుంటూరు సీటు ఇంకెవరికో వెళ్లిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు మెడికల్ కాలేజీలో ఉండి ఉంటుంది.

రెండేళ్లకి తాడేపల్లిగూడెం నుంచి ఒక సంబంధం వచ్చింది. నాన్నగారు ఉత్తరం పైకి చదువుతూ ఇంటిపేరు దగ్గర ఆగిపోయారు. పేరూరివారు. ఇష్టం లేకపోతే మానేద్దాం అన్నారు. చదువు ఎటూ పోయింది, ఇక ఇంటిపేరు ఏదైతేనేం అనుకుని నేనే సరే అన్నాను. మా వారికి ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు.

మా పాపకి పదిహేను నెలలు. వారం కిందట గంజి వారుస్తుంటే పాకుతూ వచ్చింది. ఎడమ కాలు కాలింది. సున్నపుతేటలో కొబ్బరినూనె గిలక్కొట్టి రాసి, చేతికి దొరికిన పాత చీర చింపి కట్టాను. కట్టాక చూశాను, నీలం అంచు. దాని చేతినిండా నూనె.

ఆ గుడ్డ విప్పేసి తెల్లది కట్టాను. సాయంత్రానికి అత్తగారు తెల్లగుడ్డ మాసిందని విప్పి, ఉతికి ఆరేసిన ఆ నీలం అంచుదే మళ్లీ కట్టారు.

కాలు మానడం లేదు. డాక్టరుకి చూపిద్దాం, ఏలూరు వెళ్దాం అన్నారు మా వారు. తణుకు వెళ్దామండీ అన్నాను. "ఏలూరికైతే ఒక్క రైలు. తణుక్కి మధ్యలో దిగి మారాలి. పిల్లని అంత తిప్పడం ఎందుకూ?" అన్నారు. డాక్టరుగారి ఇల్లు కాలేజీ ఎదురుగానే అట.

రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నా చదువు తీసుకుపోయిన మనిషి ఎదురైతే గొంతు పట్టుకుందామని ఇన్నేళ్లూ అనుకున్నాను. అది నేనేనా? నేనే అయితే, జరిగిపోయిన ఆ గురువారానికి ఎలా వెళ్లగలను? సైన్సు చదివినదాన్ని, నాకు అర్థం కావడం లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ దరఖాస్తు అలాగే ఉండి ఉంటే నేను గుంటూరులో ఉండేదాన్ని. ఈ పిల్ల ఉండేది కాదు.

ఏలూరే వెళ్దామండీ అని ఇందాక మా వారితో చెప్పాను. పాప పక్కలో మూలుగుతోంది. పొద్దున్న రైలుకి కావలసినవన్నీ సర్దాను. పెన్నులో సిరా కూడా నింపి పెట్టుకున్నాను. ఎందుకు నింపానో నాకే తెలియదు.