వంతెన నుంచి చాపెల్ దాకా

చీరల బీరువా తెరవగానే గుప్పుమనే కలరా ఉండల వాసనకు అందరికీ పెళ్ళిళ్ళు గుర్తొస్తాయట. నాకు మాత్రం నేనెన్నడూ చూడని వేల్స్ దేశంలోని ఒక ఊరు గుర్తొస్తుంది. పలకరాయి తవ్వే గని, దాని కింద ఒక ఏరు, ఏటి మీద వంతెన, వంతెన దగ్గర మొదలై కొండ మీదికి ఎక్కే ఒకే ఒక్క వీధి. ఆ వీధి మొత్తం నాలుగు అట్టపెట్టెల్లో మూటగట్టుకొని వచ్చి, మస్కట్‌లో, ఘుబ్రాలోని మా రెండు గదుల ఇంట్లో, సరిగ్గా నా మంచం ఉండాల్సిన చోట ఒక వేసవిలో మకాం వేసింది. ఆ వేసవి నేను ఎక్కడ పడుకున్నానో అప్పుడూ ఎవరూ అడగలేదు, ఇప్పటికీ ఎవరూ అడగలేదు. వంటగది గుమ్మంలో, ఫ్రిజ్ మోటారు పక్కన.

మా అమ్మ రూతమ్మ నరసాపురం దగ్గరి పల్లె నుంచి ఒమన్‌కు వచ్చిన నర్సు. నాన్న ఒక కంపెనీ స్టోర్లో పనిచేసేవాడు. ఎనభైల చివరి మాట ఇది. వేసవిలో మేడమీది ట్యాంకు కాగిపోయి చన్నీళ్ళ కుళాయిలో వేణ్ణీళ్ళు వచ్చేవి, అందుకని గీజరు ఆపేసి, వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి చల్లగా స్నానం చేసేవాళ్ళం. ఎండ తగ్గాక బిల్డింగు వెనక పగిలిన నేలపలక ముక్కతో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. జూలైలో పసుపుపచ్చని పచ్చి ఖర్జూరాలు గెలల్లోంచి తెంపుకొని తింటే నోరంతా వగరుగా ఉండేది. శుక్రవారం సెలవు కాబట్టి మా ఆదివారం శుక్రవారం నాడే వచ్చేది. అమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకొని, పాటల పుస్తకం సంచిలో వేసుకొని, కంపెనీ వ్యానులో అందరం ఆరాధనకు వెళ్ళేవాళ్ళం.

రీస్ గారు మాకు పరిచయమైంది ఆ పాటల పుస్తకం వల్లే. ఆయన వేల్స్ నుంచి వచ్చి, మస్కట్‌లోనే అల్ ఖౌద్ వైపు ఇంగ్లీషు పాఠాలు చెప్పే ముసలి మాస్టారు. కాలు విరిగి అమ్మ వార్డులో చేరాడు. ఒకరోజు అమ్మ మందులు ఇస్తూ మా తెలుగు కీర్తన ఒకటి కూనిరాగం తీస్తుంటే, ఆయన మంచం మీంచే అదే రాగం తన భాషలో అందుకున్నాడట. ఆ రాగం వాళ్ళ దేశానిదేనట. కాలు బాగయ్యాక ప్రతి శుక్రవారం సాయంత్రం మా ఇంటికి వచ్చేవాడు. అమ్మ పెట్టిన చేపల పులుసు ముక్కు తుడుచుకుంటూ, కన్నీళ్ళు పెట్టుకుంటూ తినేవాడు గాని వద్దనేవాడు కాదు.

ఆయన తన ఊరి చరిత్ర రాస్తున్నాడు. రాజులూ యుద్ధాలూ కాదు, ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరు గనిలో చచ్చిపోయారు, ఎవరు చాపెల్‌లో పాట ఎత్తుకునేవాళ్ళు అన్నది. చాపెల్ అంటే వాళ్ళ ప్రార్థన మందిరం. పాత వీలునామాల చేతిరాత ప్రతులు, చరిత్ర సంఘాల పత్రికల్లో అచ్చయిన వ్యాసాలు, ముసలమ్మలు చెబుతుంటే తాను రాసుకున్న కాగితాలు, జీవితమంతా పోగుచేశాడు. వాళ్ళ ఊళ్ళో సగం మందిది ఒకటే ఇంటిపేరు కావడంతో మనిషిని అతని ఇల్లు పేరు పెట్టి పిలిచేవాళ్ళట. అందుకే ఆయన కాగితాలన్నీ ఇళ్ళ వరుసలోనే ఉండేవి. వంతెన దగ్గర నిలబడి కొండెక్కుతూ పోతే ఏ ఇల్లు ముందొస్తుందో ఆ ఇంటి కాగితాలు ముందు, తర్వాతి ఇంటివి తర్వాత. ఏ కాగితం మీదా ఇల్లు పేరు రాయలేదు. ఆ వీధి ఆయన తలలో ఉంది, రాసుకోవాల్సిన అవసరం ఏముంది?

ఆ ఇళ్ళ పేర్లు నాకు నేర్పాడు. పెన్ ఎ బాంట్, అంటే వంతెన మొన. తర్వాత టాన్ రాల్ట్, కొండ కింది ఇల్లు. తర్వాత బ్రిన్ గ్లాస్, పచ్చ గుట్ట. తర్వాత టీ కాపెల్, చాపెల్ ఇల్లు. నేను తప్పు లేకుండా చెబితే బల్ల మీద అరచేత్తో చరిచి, పుస్తకం వచ్చాక మొదటి పేజీలో నీ పేరు వేస్తానని మాటిచ్చాడు. వచ్చే శుక్రవారం చాపెల్ దాటి పైకి వెళ్దాం అన్నాడు. ఆ శుక్రవారం రాలేదు. ఆయనకు చూపు మందగిస్తోంది. రెండు కళ్ళకూ ఆపరేషన్ కోసం ఊరెళ్ళాల్సి వచ్చింది, క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. చూపు పూర్తిగా పోయేలోపు పుస్తకం ముగించాలన్నదే ఆయన ఆరాటమంతా. పెట్టెలు మా ఇంట్లో దింపి, అమ్మ చేతులు పట్టుకొని, "ఇది మా ఊరు, సిస్టర్. జాగ్రత్త," అన్నాడు. వరుస మార్చొద్దని ఒక్క ముక్క చెప్పలేదు. ఈ సంగతి నేను రాతపూర్వకంగా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఆగస్టులో గోడ ఏసీ నీళ్ళు కార్చింది. పొద్దున లేచేసరికి పై రెండు పెట్టెల అట్టలు మెత్తబడి కూలిపోయి ఉన్నాయి. అమ్మ నైట్ డ్యూటీ నుంచి వచ్చి, కనీసం తెల్ల కోటైనా విప్పకుండా, కాగితాలన్నీ తీసి మంచాల మీద, కుర్చీల మీద, బట్టల తీగ మీద ఆరబెట్టింది. మిగతా రెండు పెట్టెల్లో చెమ్మ ఉందేమోనని అవీ దులిపేసింది. సాయంత్రానికి ఇల్లంతా కాగితాలే. ఏది ఎక్కడిదో తెలియదు. సగం మాకు రాని భాష. అప్పుడు అమ్మ తనకు తెలిసిన పద్ధతిలో సర్దడానికి కూర్చుంది.

ఆసుపత్రిలో రోగి కాగితాలు ఎలా పెడతారో అలా. తేదీ చూసి, కొత్తవి పైన, పాతవి కింద, తేదీ లేనివి అడుగున. వార్డు నుంచి పంచింగ్ మిషను అడిగి తెచ్చింది. ప్రతి బొత్తికీ రంధ్రాలు పొడిచి ఆకుపచ్చ ట్యాగు కట్టింది. "ఏవే, దీని మీద తారీకు ఎంతుందో చూసి చెప్పు. కళ్ళు లాగుతున్నాయి," అంటూ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, ఆ నెల డ్యూటీ లేని ప్రతి పూటా అదే పని చేసింది. మా క్లాసు పిల్లలంతా సెలవులకు ఇండియా వెళ్ళి మామిడిపళ్ళు తింటున్నారు. మా అమ్మ సెలవును ఇన్‌ఛార్జి సిస్టరు కొట్టేసింది, అదొక లెక్క వేరే ఉంది. కొత్త పెట్టెలు తెచ్చి, మూలమూలనా కలరా ఉండలు వేసి, పైన తన పాత నూలుచీర కప్పి, అమ్మ నడుము పట్టుకొని లేచి నవ్వింది. ఆయన చూస్తే ఎంత సంతోషిస్తాడో అంది. అమ్మ అంత సంతోషంగా ఉండటం నేను తక్కువసార్లు చూశాను.

సెప్టెంబరు చివర ఆయన వచ్చాడు. మందపాటి అద్దాలు. ఆపరేషన్ ఒక కంటికే పనిచేసిందట. క్రిస్మస్ కాకపోయినా అమ్మ నూనెలో గులాబీ పువ్వులు వండి పళ్ళెంలో పెట్టింది. ఆయన మొదటి పెట్టె తెరిచి, బొత్తి ఒళ్ళో పెట్టుకొని, కాగితం ముఖానికి ఆనించుకొని చూశాడు. ఇంకొకటి. ఇంకొకటి. రెండో పెట్టె. రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరుకు చెప్పినట్టు అమ్మ పక్కన నిలబడి, కొత్తవి పైనున్నాయని, పాతవి కిందున్నాయని చెబుతూనే ఉంది.

"వంతెన ఏదీ, సిస్టర్?" అన్నాడు.

"అన్నీ ఉన్నాయి సార్. ఒక్క కాగితం కూడా పోలేదు."

"అవును," అన్నాడాయన. "ఒక్కటీ పోలేదు."

గులాబీ పువ్వులు ఆయన ముట్టుకోలేదు.

ఆ తర్వాత శుక్రవారాలు మా ఇంట్లో పాటలు లేవు. ఆయన కాగితం ముక్కుకు ఆనించుకొని, ఇది ఏ ఇంటిదో గుర్తు చేసుకోవాలని చూసేవాడు. కొన్ని గుర్తొచ్చేవి. ఎక్కువ రాలేదు. నేను వంతెన నుంచి చాపెల్ దాకా ఇళ్ళ పేర్లు వరసగా చెప్పేదాన్ని. ఆయన తల ఊపి, అవి నాకు తెలుసమ్మా అనేవాడు. అమ్మ టీ తెచ్చి పెట్టి, వంటగదిలోకి వెళ్ళి, అక్కడే ఉండిపోయేది. డిసెంబరు వచ్చేసరికి ఆయన మానుకున్నాడు. కన్ను అలిసిపోతోందన్నాడు.

ఈ సంగతి మా ఆరాధన వాళ్ళలో పాకింది. క్రిస్మస్ విందులో అమ్మ వడ్డనకు నిలబడితే, సుగుణాంటీ అందరూ వినేలా అంది, "రూతక్కకి పప్పు గిన్నె ఇవ్వకండే. నిన్నటిది కిందకీ ఇయ్యాల్టిది పైకీ సర్దేత్తది." అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. గరిటె కింద పెట్టేసి వచ్చి నా పక్కన కూర్చుంది. మళ్ళీ ఎప్పుడూ వడ్డనకు నిలబడలేదు. సుగుణాంటీ ఆ రోజు కట్టుకున్న చీర నెమలికంఠం రంగుది, దానికి సన్న జరీ అంచు. నేను మరిచిపోలేదు.

రీస్ గారు శాశ్వతంగా వెళ్ళిపోయే రోజు పెట్టెలు నాన్నే కారెక్కించాడు. ఆయన మా నాన్నతో చెయ్యి కలిపాడు. అమ్మకు తల ఊపాడు. కారులో కూర్చున్నాక కిటికీలోంచి నాన్నతో నెమ్మదిగా, "తడిసిపోయినా బాగుండేది. వరుసైనా మిగిలేది," అన్నాడు. నాన్న ఆ మాట ఇంట్లో చెప్పలేదు. నేను కారు పక్కనే ఉన్నాను. ఆయన దుఃఖం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. ఆ మాటను మాత్రం క్షమించలేదు.

పుస్తకం రాలేదు. నా పేరు ఏ పేజీలోనూ పడలేదు. ఆయన పోయాక కాగితాలు అక్కడి జిల్లా పత్రాల భాండాగారానికి చేరాయట. రెండేళ్ళ కిందట కంప్యూటర్లో వాటి వివరం కనబడింది. తేదీల ప్రకారం ట్యాగు కట్టి ఉన్నాయి, అసలు వరుస తెలియదు, ఇలా కట్టింది ఎవరో తెలియదు అని రాశారు. ఎవరో నాకు తెలుసని, ఆమె పేరు, ఆమె డ్యూటీలు, ఏసీ కారడం అన్నీ వివరంగా వాళ్ళకు రాశాను. జవాబు రాకపోతే మళ్ళీ రాశాను. చివరికి ధన్యవాదాలు చెబుతూ రెండు ముక్కల జవాబు వచ్చింది. వివరంలో అక్షరం మారలేదు. మళ్ళీ రాస్తాను.

ఘుబ్రాలో మా బిల్డింగు కొట్టేశారని విన్నాను. ఆ రాగాలు పాడిన వాళ్ళలో సగం మంది లేరు. ట్యాగుల పనీ లేదు, అంతా ఫోన్లలోనే. అమ్మ నా దగ్గరే ఉంటుంది, కరెంటు బిల్లులు కొత్తది పైన పెట్టి క్లిప్పు పెడుతుంది. క్రిస్మస్ ముందు చీరల బీరువా సర్దుతూ, "ఆ సారు పుస్తకం వచ్చుంటదంటావా?" అని ఏటా ఒకసారి అడుగుతుంది. తెలీదమ్మా అంటాను. రాత్రి కలరా ఉండల వాసన చేతులకు అంటుకొని ఉండగా, పెన్ ఎ బాంట్, టాన్ రాల్ట్, బ్రిన్ గ్లాస్, టీ కాపెల్ అని ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. చాపెల్ దాటాక నాకు దారి తెలియదు.